ఒకే ఇంజను, రెండు బళ్ళు: మీ ఇంటికి ఏది సరిపోతుంది?

కడప నుంచి రేణిగుంట పోయే జాతీయ రహదారి మీద, ఒంటిమిట్ట కోదండరామాలయం మలుపు దగ్గర కాసేపు నిలబడితే కియా సోనెట్, కియా సెల్టోస్ ఒకదాని వెనక ఒకటి పోతూ కనిపిస్తాయి. రెండూ సీమలో పుట్టినవే. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కార్ల కర్మాగారం పెట్టడానికి కియా కంపెనీ 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 2019 ఆగస్టులో అక్కడి నుంచి సెల్టోస్ బజారుకొచ్చింది. 2020 సెప్టెంబరులో దాని వెనకే సోనెట్ వచ్చింది.

రెండింట్లోనూ దొరికే డీజిల్ ఇంజను ఒకటే. 1,493 సీసీ, నాలుగు సిలిండర్లు. రెండూ ఎత్తుగానే ఉంటాయి, రెండింట్లోనూ అయిదుగురికే చోటు. అయినా ధరలో లక్షల తేడా. నడిపితే ఒకటి ఒక రకంగా, ఇంకొకటి ఇంకో రకంగా ఉంటుంది. ఇంటికి బండి కొనాలనుకునేవాళ్ళంతా ఇక్కడే ఆగిపోతారు. పక్కింటాయన ఒకటి చెబుతాడు, బావమరిది ఇంకొకటి చెబుతాడు, షోరూంలో సేల్స్ కుర్రవాడు ఖరీదైనదాని వైపే చెయ్యి చూపిస్తాడు.

ఎవరి మాటా వినక్కర్లేకుండా తేల్చుకునే దారి ఉంది. బండి లోపల ఏం జరుగుతుందో తెలుసుకుని, మన దారినీ మన ఇంటినీ దాని పక్కన పెట్టి చూడడమే ఆ దారి. ఈ రెండు బళ్ళనూ ఉదాహరణగా పెట్టుకుందాం. లెక్క అర్థమైతే నెక్సాన్–క్రెటా మధ్యనైనా, బ్రెజా–గ్రాండ్ విటారా మధ్యనైనా ఇదే పద్ధతిలో తేల్చుకోవచ్చు.

అడుగు పొడుగుకు అంత ధర ఎందుకు?

సోనెట్ పొడవు 3,995 మిల్లీమీటర్లు. నాలుగు మీటర్లకు సరిగ్గా 5 మిల్లీమీటర్లు తక్కువ. సెల్టోస్ తొలిసారి వచ్చినప్పుడు దాని పొడవు 4,315 మిల్లీమీటర్లు, ఆ తర్వాత ఇంకా పెరిగింది. తొలి సెల్టోస్‌తోనే పోల్చినా తేడా 32 సెంటీమీటర్లు, అంటే అడుగు మీద కొంచెం.

ఆ అడుగులో పట్టే ఇనుము, ప్లాస్టిక్ ఖరీదు లక్షల్లో ఉండదు. తేడాలో పెద్ద భాగం పన్నుదే. మన దేశంలో నాలుగు మీటర్ల లోపు కారును చట్టం చిన్న కారుగా చూస్తుంది, దాటితే పెద్ద కారుగా చూస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కారు మీద జీఎస్టీ 18 శాతం, పెద్ద కారు మీద 40 శాతం. పన్ను కలపకముందు ₹10 లక్షలు ఉండే బండి ఒకటి ఉందనుకుందాం. గీతకు ఇవతల ఉంటే పన్ను ₹1.80 లక్షలు. అవతల ఉంటే ₹4 లక్షలు. ఒక్క పన్నులోనే ₹2.20 లక్షల తేడా. లైఫ్ ట్యాక్స్, బీమా కూడా బండి ధరను బట్టే కాబట్టి అవీ దాంతోపాటు పెరుగుతాయి.

అంటే పెద్ద బండికి మనం ఎక్కువగా ఇచ్చే డబ్బంతా పెద్ద సౌకర్యంగా తిరిగి రాదు. అందులో కొంత ఖజానాకు పోతుంది. ఈ సంగతి ముందే తెలిస్తే, "ఇంకో మూడు లక్షలు వేస్తే పెద్దది వస్తుంది కదా" అన్న మాటను నిదానంగా తూకం వెయ్యగలం.

> విడిగా తెలుసుకుందాం: నాలుగు మీటర్ల గీత
>
> ఈ గీత 2006 కేంద్ర బడ్జెట్‌లో పుట్టింది. చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గిస్తూ చిన్న కారు అంటే ఏమిటో అప్పుడే నిర్వచించారు. పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు. పెట్రోల్ ఇంజనైతే 1,200 సీసీ, డీజిల్ అయితే 1,500 సీసీ దాటకూడదు.
>
> పన్ను కోసం గీసిన ఈ గీత బళ్ళ ఆకారాన్నే మార్చేసింది. 2012లో వచ్చిన రెనో డస్టర్ గీత దాటిన బండి. 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్ గీతకు ఇవతల ఇమిడేలా వచ్చి జనానికి నచ్చింది. 2016లో మారుతి విటారా బ్రెజా కూడా అదే దారి పట్టింది. ఇప్పుడు బజారులో ఉన్న కాంపాక్ట్ ఎస్‌యూవీలలో చాలావాటి పొడవు 3,990–3,999 మిల్లీమీటర్ల మధ్య ఉండడానికి కారణం ఇదే.
>
> జీఎస్టీ వచ్చాక కూడా గీత అలాగే ఉంది. 2025 సెప్టెంబరుకు ముందు సెస్సుతో కలిపి చిన్న పెట్రోల్ కారుకు 29 శాతం, చిన్న డీజిల్ కారుకు 31 శాతం పన్ను ఉండేది. సెల్టోస్ లాంటివాటికి 45 శాతం ఉండేది.

ఆ అడుగు ఎక్కడికి పోయింది?

డబ్బు ఎటు పోతుందో చూశాం. ఇక చోటు ఎటు పోతుందో చూద్దాం.

ముందు చక్రం ఇరుసుకూ వెనక చక్రం ఇరుసుకూ మధ్య దూరాన్ని వీల్‌బేస్ అంటారు. మనుషులు కూర్చునే చోటును ఎక్కువగా నిర్ణయించేది ఇదే. సోనెట్ వీల్‌బేస్ 2,500 మిల్లీమీటర్లు, తొలి సెల్టోస్‌ది 2,610. తేడా 11 సెంటీమీటర్లు. మొత్తం 32 సెంటీమీటర్ల తేడాలో మనుషుల కాళ్ళకు దక్కేది ఈ 11 సెంటీమీటర్లలోనే. మిగతా 21 సెంటీమీటర్లు ముందు బానెట్‌కూ వెనక డిక్కీకీ పోయాయి.

ఇక వెడల్పు. సోనెట్‌ది 1,790 మిల్లీమీటర్లు, తొలి సెల్టోస్‌ది 1,800. తేడా ఒక్క సెంటీమీటరు. చాలామంది గమనించని అంకె ఇది. వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్ళు భుజాలు రాసుకోకుండా కూర్చోవాలని పెద్ద బండి కొందామనుకుంటే, ఆ కోరిక ఇక్కడ తీరదు. మోకాళ్ళకు కాస్త ఎక్కువ చోటు దొరుకుతుందే గాని భుజాలకు దొరకదు. తర్వాతి తరం బళ్ళు పొడవూ వెడల్పూ పెరుగుతూ వస్తున్నాయి కాబట్టి, మీరు చూసే బండి వెడల్పును షోరూంలో ఇచ్చే కాగితం మీద తప్పక చూసుకోండి.

డిక్కీ సంగతి వేరు. రాజంపేట, రైల్వే కోడూరు, ఒంటిమిట్ట వైపు చాలా ఇళ్ళలో ఎవరో ఒకరు కువైట్‌లో ఉంటారు. వాళ్ళు సెలవుకు వచ్చినప్పుడు చెన్నై విమానాశ్రయానికి బండి పోవాలి. తాడు కట్టిన అట్టపెట్టెలు, పెద్ద సూట్‌కేసులు, వాటితోపాటు ఇంటి నుంచి ఎదురుపోయిన నలుగురు. మొదట వచ్చినప్పుడు సోనెట్ డిక్కీ 392 లీటర్లు, సెల్టోస్ డిక్కీ 433 లీటర్లు. 41 లీటర్ల తేడా అంకెల్లో చిన్నదే. అయితే సామాను లెక్కలో లీటర్ల కన్నా డిక్కీ ఆకారం ముఖ్యం. నేల ఎంత లోతుగా ఉంది, తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుంది, సూట్‌కేసును నిలువుగా పెట్టాలా అడ్డంగా పడుకోబెట్టవచ్చా? బ్రోషరు ఇవి చెప్పదు. ఇంట్లో ఉన్న పెద్ద సూట్‌కేసును షోరూంకు తీసుకుపోయి పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

ముసలివాళ్ళకు మాత్రం రెండు బళ్ళూ ఒకే మేలు చేస్తాయి. మామూలు చిన్న కారులో సీటు కిందికి ఉంటుంది, మోకాళ్ళు బాగా వంచి దిగబడి కూర్చోవాలి. లేచేటప్పుడు ఒంటి బరువంతా వంగిన మోకాళ్ళ మీద పడుతుంది. ఈ బళ్ళలో సీటు తుంటి ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. మోకాలు వంగేది తక్కువ కాబట్టి నొప్పీ తక్కువ. కడప రిమ్స్‌కో తిరుపతి స్విమ్స్‌కో అమ్మానాన్నలను తరచూ తీసుకుపోయే ఇంటికి ఎస్‌యూవీ కొనడానికి ఇదొక్కటే చాలినంత కారణం. దీనికోసం పెద్దదే కొనక్కర్లేదు.

స్పీడ్ బ్రేకర్ దగ్గర ఏం జరుగుతుంది?

ఊళ్ళోకి తిరిగే రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లు ఒక కొలత ప్రకారం ఉండవు. ఎవరి వీధిలో వాళ్ళు వేసుకున్నట్టుగా కొన్ని మరీ ఎత్తుగా ఉంటాయి. ముందు చక్రం దాటినప్పుడు బండి ముక్కు లేస్తుంది, వెనక చక్రం దాటినప్పుడు తోక లేస్తుంది. ఈ రెంటి మధ్యలో ఒక క్షణం పాటు బ్రేకరు బండి నడుము కింద ఉంటుంది. వీల్‌బేస్ పెరిగిన కొద్దీ నడుము కింద తగిలే అవకాశం పెరుగుతుంది. నేల నుంచి ఎత్తు ఒకటే అయినప్పుడు పొట్టి బండి తగలకుండా దాటే దిబ్బ పొడుగు బండికి తగలవచ్చు.

కుదుపు విషయంలో పొడుగు బండికి మేలు ఉంది. వెనక కూర్చున్న మనిషి వెనక ఇరుసుకు ఎంత దగ్గరగా ఉంటే, చక్రం లేచినప్పుడు అంత ఎక్కువగా లేస్తాడు. వీల్‌బేస్ ఎక్కువ ఉన్న బండిలో సీటు ఇరుసుకు కాస్త ముందుగా ఉంటుంది కాబట్టి దెబ్బ కొంత తగ్గి అందుతుంది. గంటల తరబడి ప్రయాణమైతే వెనక సీటువాళ్ళకు ఈ తేడా తెలుస్తుంది.

గ్రౌండ్ క్లియరెన్స్ గురించి ఒక మాట. రెండు బళ్ళూ నేల నుంచి 19–20 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. ఖాళీ బండికీ నిండు బండికీ ఈ ఎత్తు ఒకటి కాదు. అయిదుగురు ఎక్కి, డిక్కీ నిండితే సుమారు 400 కిలోలు. స్ప్రింగులు కుంగి, ముఖ్యంగా వెనకవైపు, కొన్ని సెంటీమీటర్లు దిగుతాయి. టెస్ట్ డ్రైవ్‌లో ఒక్కరే కూర్చుని దాటిన బ్రేకరు, పెళ్ళికి పోయేటప్పుడు కింద గీసుకోవడం అందుకే.

ఇంకో సంగతి చక్రాలది. పై రకాల్లో అందంగా కనిపించే పెద్ద అల్లాయ్ చక్రాలు వస్తాయి. చక్రం పెద్దదైతే దాని చుట్టూ ఉండే రబ్బరు గోడ పలచనవుతుంది. గుంతలో పడినప్పుడు మొదట దెబ్బ కాచుకునేది ఆ రబ్బరు గోడే. మన రోడ్లకు 16 అంగుళాల చక్రం, లావు గోడ ఉన్న టైరు ఒంటికీ జేబుకూ మంచిది.

గువ్వలచెరువు ఘాట్ ఎక్కాలంటే

కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. పాలకోవాకు ఎంత పేరో, మలుపులకూ ప్రమాదాలకూ అంత పేరు. నిండు బండి ఈ ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను అసలు రూపం బయటపడుతుంది.

ఇంజను గురించి రెండు అంకెలు చెబుతారు. పవర్ ఒకటి, టార్క్ ఒకటి. ఇరుసును ఎంత గట్టిగా తిప్పగలదో చెప్పేది టార్క్. అంత గట్టిగా ఎంత వేగంగా తిప్పగలదో చెప్పేది పవర్. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు మనం "పికప్" అనుకునేది చాలావరకు టార్కే. అది ఎంత ఉందన్నదే కాదు, ఇంజను ఎంత నిదానంగా తిరుగుతున్నప్పుడు దొరుకుతుందన్నదీ ముఖ్యమే.

సోనెట్‌లోని 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజను గరిష్ఠ టార్క్ 115 న్యూటన్ మీటర్లు, అదీ నిమిషానికి 4,200 చుట్లు తిరిగినప్పుడు. సెల్టోస్‌లోని మామూలు 1.5 పెట్రోల్‌కు 144, అది 4,500 చుట్ల దగ్గర. రెండు బళ్ళలోనూ దొరికే డీజిల్ ఇంజనుకు 250, అది 1,500 చుట్ల దగ్గరే మొదలవుతుంది. అంటే ఘాట్‌లో మలుపు తిరిగి వేగం పడిపోయినప్పుడు డీజిల్ బండి అదే గేర్లో లాగేస్తుంది. మామూలు పెట్రోల్ బండిలో గేరు తగ్గించి, ఇంజను అరిచేదాకా తొక్కాలి.

ఈ తేడాకు మూలం టర్బో. ఇంజను లోపల ఇంధనం మండాలంటే గాలి కావాలి. మామూలు ఇంజను తనంతట తాను పీల్చుకున్న గాలితోనే సరిపెట్టుకుంటుంది. టర్బో ఉన్న ఇంజనులో బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం ఇంకో చక్రాన్ని తిప్పి, బయటి గాలిని నొక్కి లోపలికి పంపుతుంది. గాలి ఎక్కువ చేరింది కాబట్టి ఇంధనమూ ఎక్కువ మండుతుంది, బలమూ ఎక్కువ పుడుతుంది. సోనెట్‌లోని 1.0 లీటరు టర్బో పెట్రోల్ ఇంజను సీసీలో అన్నింటికన్నా చిన్నది. అయినా దాని టార్క్ 172, పెద్ద బండిలోని మామూలు 1.5 పెట్రోల్ కన్నా ఎక్కువ.

ఇక్కడే ఈ పోలికలో అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి దొరుకుతుంది. సోనెట్ 1.2 పెట్రోల్‌కూ సోనెట్ డీజిల్‌కూ మధ్య ఉన్న తేడా, సోనెట్ డీజిల్‌కూ సెల్టోస్ డీజిల్‌కూ మధ్య ఉన్న తేడా కన్నా చాలా పెద్దది. బండి పేరు ఒకటే అయినంత మాత్రాన బండి ఒకటి కాదు. ముందు ఇంజను తేల్చుకోవాలి, ఆ తర్వాతే పొడుగు.

రెండు వరుసల రోడ్డు మీద లారీని దాటేటప్పుడూ ఇదే లెక్క. లారీ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో, మనం 80తో పోతున్నామనుకుందాం. దాటడానికి లారీ కన్నా 40 మీటర్లు ఎక్కువ పోవాలి. అందుకు 4.8 సెకన్లు. ఆ 4.8 సెకన్లలో మనం 107 మీటర్లు పోతాం. ఎదురుగా 80తో వచ్చే బండీ అంతే దూరం వచ్చేస్తుంది. కాబట్టి ముందు కనీసం 215 మీటర్ల రోడ్డు ఖాళీగా కనిపించాలి. 50 నుంచి 80కి అందుకోవడానికి ఇంజను ఎక్కువసేపు తీసుకుంటే ఆ దూరం ఇంకా పెరుగుతుంది. నిండు బండితో తరచూ తిరిగేవాళ్ళకు టార్క్ ఎక్కువ ఉన్న ఇంజను భద్రతలో భాగమే.

దిగేటప్పుడు ఏ బండికైనా ఒకటే సూత్రం. ఎక్కడానికి వేసిన గేర్లోనే దిగాలి. బ్రేకు తొక్కిన ప్రతిసారీ బండి వేగం వేడిగా మారి డిస్కులో చేరుతుంది. ఆగకుండా తొక్కుతూ పోతే ఆ వేడి బయటికి పోయే సందు ఉండదు. బ్రేకు ప్యాడ్ల పట్టు సడలుతుంది. చిన్న గేర్లో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు చల్లగా ఉంటాయి.

ఎత్తుకు ఇచ్చే మూల్యం

ఎత్తుగా కూర్చుంటే రోడ్డు బాగా కనబడుతుంది, ధైర్యంగా ఉంటుంది. ఆ ధైర్యానికి ఒక హద్దు ఉంది. చెనిక్కాయ కట్టె ఎత్తుగా వేసుకున్న ఎద్దుల బండి గట్టు దిగేటప్పుడు ఎందుకు ఒరుగుతుందో సీమ రైతుకు చెప్పక్కర్లేదు. బరువు ఎంత పైకి పోతే, పక్కకు ఒరిగే గుణం అంత పెరుగుతుంది. చక్రాల మధ్య వెడల్పు పెరగకుండా ఎత్తు మాత్రం పెరిగితే ఏ బండికైనా ఇంతే.

సోనెట్, సెల్టోస్ రెండూ మామూలు కారు కన్నా ఎత్తు, వెడల్పులో పెద్ద తేడా లేదు. కాబట్టి కారులో 60తో తిరిగే మలుపును వీటిలో ఇంకాస్త నిదానంగా తిరగాలి. పైన క్యారియర్ బిగించి సామాను కడితే ఎత్తు సమస్య ఇంకా ముదురుతుంది. బరువైనవి డిక్కీ నేల మీద, తేలికైనవి పైన పెట్టాలి.

మలుపులో చక్రం జారినప్పుడు ఒక్కొక్క చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి బండిని దారిలో పెట్టే ఏర్పాటును ఈఎస్‌సీ అంటారు. ఎత్తైన బండికి ఇది అలంకారం కాదు, అవసరం. సన్‌రూఫ్ ఉన్నా లేకున్నా, మీరు కొనే రకంలో ఈఎస్‌సీ ఉండాలి.

ఎస్‌యూవీ అంటే ఎక్కడికైనా పోతుందా?

పోదు. మన దేశంలో అమ్మే సోనెట్, సెల్టోస్ రెండింట్లోనూ ఇంజను ముందు చక్రాలనే తిప్పుతుంది. చూడడానికి కొండలెక్కే బళ్ళలా ఉంటాయే గాని నాలుగు చక్రాలూ లాగవు. బంకమట్టి దారిలో ఎత్తు ఎక్కేటప్పుడు బండి బరువు వెనక చక్రాల మీదికి జరుగుతుంది. లాగాల్సిన ముందు చక్రాలు తేలికై ఒకే చోట తిరుగుతాయి. చెయ్యేటి ఇసుకలోనో పెన్న ఇసుకలోనో దిగితే చక్రం తనకు తానే గొయ్యి తవ్వుకుంటుంది. మామిడితోటకు మంచి మట్టిరోడ్డు ఉంటే రెండూ పోతాయి. ఇసుక, బురద ఉంటే రెండూ పోవు. ఈ ఒక్క కారణంతో పెద్దది కొనడంలో అర్థం లేదు.

> విడిగా తెలుసుకుందాం: వంక పొంగినప్పుడు
>
> 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ళ మీద పడింది. నందలూరు, రాజంపేట వైపు ఆర్టీసీ బస్సులే ఆ నీళ్ళలో చిక్కుకున్నాయి. ఎత్తుగా ఉన్న బండి నీళ్ళు దాటేస్తుందన్న నమ్మకం ఎంత ప్రమాదమో లెక్క చూడండి.
>
> ఈ బళ్ళ అడుగు భాగం రమారమి 6 చదరపు మీటర్లు అనుకుందాం. ఆ అడుగు మునిగాక ప్రతి 10 సెంటీమీటర్ల లోతుకు నీళ్ళు బండిని 600 కిలోల బలంతో పైకి నెడతాయి. బండి బరువు 1,200 కిలోల చుట్టుపక్కల. అంటే అడుగు భాగం 20 సెంటీమీటర్లు మునిగితే చాలు, తేలే స్థితికి వస్తుంది. నేల నుంచి అడుగుకు ఉన్న 20 సెంటీమీటర్లు కలిపితే మొత్తం లోతు 40 సెంటీమీటర్లు. పెద్దమనిషి మోకాలి లోతుకు కాస్త తక్కువ. టైరు పట్టు అంతకు ముందే పోతుంది. ఇక బండి పోయేది నీళ్ళు తోసిన వైపుకే.
>
> పారే నీళ్ళు రోడ్డును కప్పితే ఏ ఎస్‌యూవీ అయినా ఆగిపోవాల్సిందే.

సీమ ఎండకు ఏది తట్టుకుంటుంది?

కడపలో వేసవికి 40 డిగ్రీలు దాటడం మామూలే. అద్దాలు మూసి ఎండలో పెట్టిన బండి గంటలోపే లోపల 60 డిగ్రీలకు చేరగలదు. ఎండ అద్దంలోంచి లోపలికి వస్తుంది. సీటూ డాష్‌బోర్డూ దాన్ని పీల్చుకుని వేడెక్కుతాయి. అవి విడిచే వేడి మాత్రం అద్దం దాటి బయటికి పోలేదు. ఈ లెక్కలో అద్దం ఎంత ఎక్కువుంటే వేడి అంత ఎక్కువ. పైన పొడుగునా అద్దం ఉండే పనోరమిక్ సన్‌రూఫ్ చల్లటి ఊళ్ళలో ముచ్చట తీరుస్తుందేమో గాని, మన ఎండల్లో ఏసీకి అదనపు బరువు. అది తీసుకుంటే లోపల మందమైన తెర ఉందో లేదో చూసుకోండి.

బండి రంగుకు కూడా పాత్ర ఉంది. తెలుపు ఎండను చాలావరకు తిప్పికొడుతుంది, నలుపు పీల్చుకుంటుంది. లోపలి సీట్లూ నల్లటివి కాకుంటే మేలు. పెద్ద బండిలో చల్లబరచాల్సిన గాలి ఎక్కువ కాబట్టి వెనక సీటుకు విడిగా ఏసీ రంధ్రాలు ఉండి తీరాలి.

బండి ఎక్కగానే ఏసీ వేసి అద్దాలు బిగించకండి. నాలుగు అద్దాలూ దించి ఒకటి రెండు నిమిషాలు నడిపితే లోపలి వేడి గాలి బయటికి పోతుంది. ఆ తర్వాత అద్దాలు ఎక్కించి, లోపలి గాలినే తిప్పే మీట నొక్కితే త్వరగా చల్లబడుతుంది. టైర్ల గాలి పొద్దున్నే, బండి తీయకముందే చూడాలి. వేడి 10 డిగ్రీలు పెరిగితే టైరులో ఒత్తిడి ఒకటిన్నర పీఎస్ఐ దాకా పెరుగుతుంది. మిట్టమధ్యాహ్నం చూసిన అంకె నిజం చెప్పదు.

పెట్రోలా, డీజిలా?

2020 ఏప్రిల్ 1న బీఎస్–6 నిబంధనలు వచ్చాక డీజిల్ బళ్ళ పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఒకటి తప్పనిసరిలా మారింది. దాన్ని డీపీఎఫ్ అంటారు. పట్టిన మసిని అది తనంతట తానే కాల్చుకుంటుంది. దానికి బాగా వేడి కావాలి. బండి కాసేపు ఆగకుండా మంచి వేగంతో పోతేనే ఆ వేడి పుడుతుంది. రోజూ ఇంటి నుంచి బడికి, బడి నుంచి బజారుకు రెండు మూడు కిలోమీటర్లు తిరిగే బండిలో మసి కాలదు, పేరుకుంటుంది. చివరికి హెచ్చరిక దీపం వెలుగుతుంది, ఖర్చు మీద పడుతుంది. ఒంటిమిట్ట నుంచి రోజూ కడపకో రాజంపేటకో హైవే మీద పోయివచ్చేవాళ్ళకు ఈ ఇబ్బంది రాదు. ఊరు దాటని బండికి పెట్రోలే మేలు.

మైలేజీ సంగతి చాలామంది అవసరానికి మించి ఆలోచిస్తారు. ఒకే డీజిల్ ఇంజనుతో చిన్న బండి లీటరుకు 18 కిలోమీటర్లు, పెద్దది 16 ఇచ్చిందనుకుందాం. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగితే ఒకదానికి 667 లీటర్లు, ఇంకొకదానికి 750. తేడా 83 లీటర్లు. లీటరు ₹100 అనుకుంటే ఏడాదికి ₹8,300. కొనేటప్పుడు లక్షల్లో ఉండే ధర తేడా పక్కన ఇది చిన్న మొత్తం. బళ్ళ మధ్య నిర్ణయాన్ని మైలేజీకి వదిలెయ్యకండి.

పెద్దదైతే భద్రంగా ఉంటుందా?

పొడుగు బానెట్ గుద్దుకున్నప్పుడు నలిగి దెబ్బను మింగడానికి ఎక్కువ చోటిస్తుందన్నది నిజం. కాని ఆ చోటును ఎంత బాగా కట్టారన్నది అంతకన్నా ముఖ్యం. 2018 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకు 5 నక్షత్రాలు తెచ్చుకున్న టాటా నెక్సాన్ నాలుగు మీటర్ల లోపు బండి. 2020లో అదే సంస్థ పరీక్షలో అప్పటి సెల్టోస్‌కు పెద్దల రక్షణకు 3, పిల్లల రక్షణకు 2 నక్షత్రాలే వచ్చాయి. ఆ తర్వాత బళ్ళూ మారాయి, ఎయిర్‌బ్యాగులూ పెరిగాయి, పరీక్షలూ కఠినమయ్యాయి. అందుకే పాత అంకెలతో నేటి బండిని తీర్పు చెయ్యకూడదు. కాని పొడుగు చూసి భద్రత ఊహించుకోకూడదన్న పాఠం మాత్రం నిలిచింది.

2023 అక్టోబరు 1 నుంచి మన దేశానికే భారత్ ఎన్‌క్యాప్ ఉంది. మీరు కొనబోయే తరానికి, కొనబోయే ఏడాదిలో ఎన్ని నక్షత్రాలున్నాయో అడగండి. పెద్దలకు ఎన్ని, పిల్లలకు ఎన్ని అని విడివిడిగా అడగండి. వెనక కూర్చున్నవాళ్ళు కూడా బెల్టు పెట్టుకుంటేనే ఆ నక్షత్రాలకు అర్థం. బెల్టు లేకుండా ఎయిర్‌బ్యాగు మీద పడితే అది కాపాడే బదులు గాయం చెయ్యవచ్చు.

ఏ ఇంటికి ఏది?

భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. రోజూ కడపకో రాజంపేటకో ఒక్కరు పోయి రావడం, నెలకోసారి తిరుపతి. కల్యాణం నాడు ఒంటిమిట్ట వీధుల్లో బండి పెట్టుకోవడానికే చోటు వెతుక్కోవాలి. ఇలాంటి ఇంటికి చిన్న బండి సరిగ్గా సరిపోతుంది. హైవే తిరుగుడు ఎక్కువైతే డీజిల్, ఊళ్ళోనే ఎక్కువైతే పెట్రోల్. ఘాట్లు తరచూ ఎక్కేవాళ్ళు 1.2 పెట్రోల్ వదిలి, టర్బో పెట్రోల్‌నో డీజిల్‌నో చూసుకోవాలి.

అమ్మానాన్నలతో కలిసి అయిదుగురు, బెంగళూరులోనో చెన్నైలోనో బంధువులు, నెలలో రెండు మూడు దూర ప్రయాణాలు, ఎప్పుడూ నిండుగా ఉండే డిక్కీ. ఈ ఇంటికి పెద్ద బండి ఇచ్చే మోకాళ్ళ చోటూ, వెనక సీటు నెమ్మదితనమూ ప్రతి ప్రయాణంలోనూ పనికొస్తాయి. పెద్దది కొన్నా అందులో మామూలు 1.5 పెట్రోల్ వేసుకుంటే నిండు బరువుతో ఘాట్‌లో వెనకబడుతుంది. కాబట్టి ఇక్కడ కూడా ఇంజనే ముందు.

ఏడాదికి రెండు మూడు సార్లే దూరం పోయేవాళ్ళు, ఆ రెండు మూడు సార్ల కోసం ఏడాది పొడుగునా పెద్ద బండి ఈఎంఐ కట్టక్కర్లేదు. ఆ ప్రయాణాలకు పెద్ద బండి అద్దెకు తీసుకున్నా చవకే.

> షోరూంకు పోయే ముందు
>
> • ఇంట్లోవాళ్ళందరినీ తీసుకుపోండి. బండిలో ఎక్కువసేపు వెనక కూర్చునేది ఎవరో వాళ్ళను వెనక పది నిమిషాలు కూర్చోబెట్టండి.
>
> • అయిదుగురితో, ఏసీ వేసి, ఎత్తు ఉన్న రోడ్డు మీద నడిపించమని అడగండి. ఒక్కరితో చదును రోడ్డు మీద ఏ బండైనా బాగానే పోతుంది.
>
> • మీ వీధిలో ఎత్తైన బ్రేకరును నిండు బండితో దాటి చూడండి.
>
> • పెద్ద సూట్‌కేసు డిక్కీలో పెట్టి చూడండి.
>
> • ఈఎస్‌సీ, ఆరు ఎయిర్‌బ్యాగులు, పిల్లల సీటు కొక్కేలు మీరు కొనే రకంలోనే ఉన్నాయా అని రాతపూర్వకంగా అడగండి.
>
> • ఆన్‌రోడ్ ధరను పన్ను, లైఫ్ ట్యాక్స్, బీమా అని విడగొట్టి రాయించుకోండి.

ఈ పరీక్షలన్నిటికీ ఒక పూట చాలు. కొన్న బండిని మనం పదేళ్ళు వాడతాం, ఆ పదేళ్ళూ అందులో మన పిల్లలు కూర్చుంటారు. కాబట్టి ఆ ఒక్క పూటను షోరూం వాళ్ళకు వదిలెయ్యకండి, మీ లెక్క ప్రకారమే జరిపించుకోండి. ముందు ఇంజను, తర్వాత భద్రత, ఆ తర్వాత పొడుగు, చివరగా రంగూ రూపూ. ఈ వరుస తప్పకుండా చూస్తే చిన్నది కొన్నా పెద్దది కొన్నా మీ నిర్ణయం మీ ఇంటికి సరిపోతుంది.